చేతికో పేరు

రోజు 1
పలక అడిగింది: చెప్పు. పోలిక: 66.

తవిటయ్య గారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆయన చేతుల ఆఫీసులో గుమాస్తా. పోలిక డెబ్బై కంటే దిగిన వాళ్ళెవరైనా, ఏం గీశారో పలక ఏమందో రోజూ ఒక పుస్తకంలో రాసుకోవాలని రూలు. ఎవరు చదువుతారని అడిగాను. "సదవడానికి మాకు తీరికెక్కడిదమ్మా? రాసినావా లేదా, అదే సూత్తాం" అన్నారు. పేజీలు లెక్కపెట్టి ముద్ర వేస్తారట. అందుకని దాపరికం లేకుండా రాసుకోవచ్చు.

నా పేరు బొడ్డు పైడిరత్నం. వయసు ఇరవై ఏడు. కొండ వాలు మీద మూడో మెట్టు ఊళ్ళో మంచు వలలు కుడతాను. కొండ శిఖరం మీద కట్టిన వలలకు పొగమంచు పట్టి, నీరై కారి, గొట్టాల్లోంచి తొట్టికి వస్తుంది. ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది. గాలికి వల కన్ను ఎక్కడ తెగితే అక్కడ కుట్టడం నా పని.

పలకలు ప్రతి తలుపుకీ ఉన్నాయి. పూటకో వస్తువు పేరు చెప్పి పది సెకన్లలో గీయమంటాయి. బొమ్మ బాగుందా లేదా అన్నది వాటికి అక్కర్లేదు. చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ నొక్కింది, ఎటు తిరిగింది అన్నది చూసి, పన్నెండో ఏట మన చేత గీయించి దాచుకున్న నలభై బొమ్మలతో పోల్చుకుంటాయి. అరవై వస్తే తలుపు తెరుచుకుంటుంది. ఎవరి మొహమైనా, ఎవరి గొంతైనా, ఎవరి వేలిముద్రైనా ఎవరైనా పెట్టుకోగలిగిన రోజుల్లో మా తాత ఇంట్లో నెలరోజుల పాటు ముగ్గురు అమ్మమ్మలు కాపురం చేశారట. ఆ గొడవలన్నీ అయ్యాక ఇక చేతినే నమ్ముదామని పెద్దవాళ్ళు తీర్మానించుకున్నారు.

నిరుడు నా పోలిక తొంభై. ఎందుకింత తగ్గిందని తవిటయ్య గారు అడిగారు. తెలీదన్నాను. తెలుసు.

రోజు 3, ఆదివారం
పలక అడిగింది: మేక చెవి. పోలిక: 66.

ఈ రోజు గళ్ళ జట్టు. జట్టంటే ముగ్గురం. ఆదివారం మధ్యాహ్నం పంపు షెడ్డులో కూర్చుని బొమ్మల కథలు గీసుకుంటాం. కాగితాన్ని గళ్ళుగా కొట్టుకుని గీస్తాం కాబట్టి ఆ పేరు. మా కథలు ఎవరూ అచ్చు వేయరు, మేమూ ఎవరినీ అడగలేదు.

షెడ్డు అసిరయ్య మావయ్యది, అంటే ఆయన అక్కడ పంపు నడుపుతాడు. యాభై ఎనిమిదేళ్ళు, ఒంటరి మనిషి. చుట్టరికం ఏమీ లేదు, మావయ్య అని పిలవడం నాకు అలవాటైంది. ఆయన కథ పేరు 'బోరింగు బుచ్చమ్మ'. బుచ్చమ్మ ఒక చేతిపంపు, నీళ్ళకొచ్చిన ప్రతివాణ్ణీ తిడుతుంది. రెండో మనిషి సూరీడమ్మ, ఊరి వంటశాలలో పప్పు దగ్గర ఉంటుంది. ఆమె కథలు ఆరేసి గళ్ళలో అయిపోయే తగువులు. ఎవరికీ ముక్కుండదు. ముక్కు గీస్తే మొహంలో కోపం తగ్గిపోతుందని ఆమె వాదన. నాది 'ఉడుముల బడి'. పాఠం చెప్పేదీ ఉడుమే, వినేవీ ఉడుములే.

మా జట్టులో బాగాలేదని నోటితో అనకూడదు. పలచ కాగితం ఒకటి బొమ్మ మీద పరిచి, తప్పనిపించిన ఒకే ఒక్క గీతను తిరిగి గీసి చూపాలి. దాన్ని మీదగీత అంటాం. ఎవరి బొమ్మో వాళ్ళు ఆ మీదగీతను ఇరవై సార్లు దిద్దాలి, చిన్నప్పుడు అక్షరాలు దిద్దినట్టే.

నేను చేరిన కొత్తలో మావయ్య ఒక్కసారి ఈ నియమం తప్పాడు. "నీ ఉడుములన్నీ సేతులు ఎనక్కెట్టుకున్నాయేటమ్మా? దొంగతనం సేసొచ్చినాయా?" అన్నాడు. నాకు చేతులు గీయడం రాదు, అందుకే దాచేదాన్ని. పాదాలు గడ్డిలో దాచేదాన్ని. ఆరు నెలలు వట్టి చేతులే దిద్దించాడు. తర్వాత మాటబుడగలు. నా బుడగల్లో ఒత్తులన్నీ కింది గీతకు తగిలి విరిగేవి. అచ్చరానికి కాళ్ళు చాపుకునే చోటివ్వాలని బుడగ అడుగు కిందికి లాగి చూపించాడు. చివరికి అసలు గీతే మారిపోయింది. ఇదివరకు గీత మధ్యలో నాలుగుసార్లు చెయ్యి ఎత్తేదాన్ని. ఇప్పుడు బరువుగా మొదలై, ఎత్తకుండా, సన్నగా సాగి ముగుస్తుంది. రెండున్నరేళ్ళు పట్టింది. మనసులో ఏముంటే అది కాగితం మీద కనబడుతుంది. నా బతుకులో ఇంతకన్నా ఇష్టమైన సంగతి ఇంకోటి లేదు.

పోలిక తగ్గడానికి ఇదే కారణం. తవిటయ్య గారికి చెప్పలేదు.

రోజు 9
పలక అడిగింది: బిందె. పోలిక: 64.

ఇంటి పలక ఇంట్లోవాళ్ళతోనే పోల్చుకుంటుంది. నీళ్ళ తొట్టి దగ్గర పలక ఊరందరితో పోల్చి, ఎవరి చెయ్యి దగ్గరగా ఉంటే వాళ్ళ పేరు పైకి చదువుతుంది. ఈ రోజు బిందె గీయమంది. గీశాను. "అసిరయ్య గారూ, మీ వంతు నీళ్ళు పొద్దుటే పట్టుకున్నారు" అంది.

వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. మీసాలెప్పుడు తీయించావు మావయ్యా అని వెనకనుంచి ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. మళ్ళీ గీశాను. పలక మళ్ళీ అదే మాట, అదే గౌరవంతో చెప్పింది. ఖాళీ బిందెతో ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

రోజు 11
పలక అడిగింది: తాళం కప్ప. పోలిక: 64.

ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. తవిటయ్య గారు రూలు పుస్తకం తెరిచి చూపించారు. రెండు ఒళ్ళకు ఒకే చెయ్యి ఉండకూడదు. నా పుస్తకం మొదలైన అరవయ్యో రోజున ఇద్దరినీ ఊరి పలక ముందు కూర్చోబెడతారు. ఎవరి చెయ్యి వాళ్ళ పేరుకు సరిపోతే ఆ పేరు నిలుస్తుంది. చెయ్యి లేని పేరు కొట్టేస్తారు. పేరు పోయిన మనిషి కింది మెట్టుకు దిగిపోవాలి. అక్కడ సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళు, తలుపులు లేని షెడ్లు. తలుపులు లేవు కాబట్టి పేర్లతో పనిలేదు.

ఇప్పటి చేతినే కొత్తగా నమోదు చేసుకోమన్నాను. ఆ చెయ్యి అప్పటికే అసిరయ్య పేరు మీద ఉందట, పెద్దవాడిది కాబట్టి ఆయనకే చెందుతుందట. తవిటయ్య గారు కసురుకునే మనిషి కాదు. నా చిన్ననాటి నలభై బొమ్మల నకళ్ళు ఒక అట్టలో పెట్టి ఇచ్చారు. "ఇయ్యి దిద్దుకోమ్మా. పన్నెండేళ్ళ పిల్లలాగ గీసీ. నీకు నువ్వు దొరికీసినట్టే" అన్నారు.

రోజు 16
పలక అడిగింది: నిచ్చెన. పోలిక: 65.

ఐదు రోజులుగా పొద్దున్నే నా పాత బొమ్మలు దిద్దుతున్నాను. ఒట్టి భయం కాగితాల నిండా. ప్రతి గీతా ముక్కలు ముక్కలు. వేలెడు గీతకు ఐదుసార్లు చెయ్యెత్తింది ఆ పిల్ల. తప్పు పోతుందేమోనని ముందుకు పోవడం, ఆగడం, వణకడం. నమోదు రోజున పెద్దాఫీసరొకడు వెనకే నిలబడి గడియారం చూశాడు, అది గుర్తుంది.

ఆ పిల్ల మీద జాలేసింది. తర్వాత కోపమొచ్చింది. రెండున్నరేళ్ళు కష్టపడి వదిలించుకున్నదాన్ని మళ్ళీ కూర్చుని నేర్చుకోవడమేమిటి? నా ఉడుములు మళ్ళీ చేతులు దాచుకోవాలి. ఒకటి మాత్రం తెలిసింది. రెండు గీతలు ఒక మణికట్టులో ఉండవు. ఆ గీత ఒక పాయింటు పెరిగితే ఇది అంత మొద్దుబారుతోంది.

రోజు 24, ఆదివారం
పలక అడిగింది: దువ్వెన. పోలిక: 65.

జట్టులో చెప్పేశాను. సూరీడమ్మ తన పలచ కాగితాల కట్ట తీసి నేలకేసి కొట్టింది. మనమే దిద్ది దిద్ది ఈ పిల్లను మావయ్యను చేసేశాం అంది. నిజమే. మూడేళ్ళలో ముగ్గురిలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. గీత బాగుపడుతోందని సంబరపడ్డాం గానీ అది ఎవరి గీత అవుతోందని చూసుకోలేదు. సూరీడమ్మ ఎవరి మాటా వినదు కాబట్టి ఆమె పోలిక ఇప్పటికీ తొంభై ఐదు.

అసిరయ్య మావయ్య నా చిన్ననాటి బొమ్మల అట్ట అడిగి తీసుకుని ఒక్కొక్కటీ చూశాడు. "ఇయి నా కాడ ఉండనీ, కొన్నాళ్ళు" అన్నాడు. నకళ్ళు నేను మళ్ళీ తీసుకోగలను కాబట్టి ఇచ్చేశాను. మీదగీతలు వేసి ఇస్తాడేమో అనుకున్నాను.

రోజు 33
పలక అడిగింది: కొడవలి. పోలిక: 63.

మధ్యాహ్నం వలల దగ్గర్నుంచి దిగుతుంటే మావయ్య తన గుమ్మం ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎండ నెత్తిన ఉంది. లోపలికి వెళ్ళలేదేమని అడిగితే మొదట ఏదో చెప్పబోయాడు, తర్వాత కుడిచెయ్యి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు ఆగకుండా వణుకుతున్నాయి. పొద్దుటినుంచి పదకొండుసార్లు గీశాడట. పలక యాభై దాటలేదు.

ఐదు నెలలుగా ఉందట ఈ వణుకు. ఆయనా పుస్తకం రాస్తున్నాడట, తవిటయ్య గారి ముద్రలతో సహా. కొన్నాళ్ళుగా మీదగీత వేయకుండా వేలితో చూపించి ఊరుకుంటున్నాడు. మాలో ఎవరం అడగలేదు. ఆదివారం ఆదివారం ఆయన ఎదురుగా కూర్చున్నాం, నా సంగతే నేను చూసుకున్నాను. సిగ్గేసింది.

ఆయన పలక ముందు నేను నిలబడి కొడవలి గీశాను. అసిరయ్య, 91. తలుపు తెరుచుకుంది. మావయ్య లోపలికెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తాగి, గీత బాగా వచ్చింది గానీ పిడి కాస్త లావైంది అన్నాడు.

రోజు 46
పలక అడిగింది: గరిటె. పోలిక: 58.

ఇవాళ్టితో నా తలుపు మూసుకుపోయింది. కారణం తెలుసు. పొద్దున్న ఇంట్లో పన్నెండేళ్ళ పిల్ల గీత సాధన. పనికి పోతూ మావయ్య తలుపు తీయడానికి మావయ్య గీత, పనినుంచి వస్తూ మళ్ళీ అదే. ఏ గీతా కుదురుగా ఉండటం లేదు. సూరీడమ్మ తన ఇంట్లో చాప వేసింది. "పొద్దున్న ఏడో తరగతి పిల్లవి, మజ్జానం ముసిలోడివి. మద్దిలో రత్నమనే మనిసుండాలి, అదెక్కడున్నాది?" అంది.

నాకూ అదే అనుమానం. ఇంటి తలుపు దగ్గర నేను నేను కాదు. తొట్టి దగ్గర నేను అసిరయ్యను. అసిరయ్య మాత్రం ఎక్కడా అసిరయ్య కాదు.

రోజు 52, ఆదివారం
సూరీడమ్మ ఇంట్లో ఉన్నాను. నా పలక అడిగేది లేదు.

లెక్క మావయ్య ముందు పెట్టాను. అరవయ్యో రోజున నేను పాత గీత గీస్తే రత్నం పేరు నిలుస్తుంది. ఆయన ఎలాగూ గీయలేడు, ఆయన పేరు పోతుంది, కింది మెట్టుకు పోతాడు. నేను మంచి గీత గీస్తే ఆయన పేరు నిలుస్తుంది గానీ అది నా ఒంటికి అతుక్కుంటుంది, ఆయనకేమీ ఒరగదు. కాబట్టి పాత గీతే గీస్తానని చెప్పాను. క్షమించమని కూడా అన్నాను.

"సరే" అన్నాడు. "ఆ పాత గీత నిలబడిపోతే, ఇది మళ్ళీ వత్తాదా?" అని అడిగాడు.

రాదన్నాను. ప్రతి పొద్దూ ఇంటి తలుపు దగ్గర ఆ పిల్లలాగే గీయాలి. బతికినంత కాలం. అప్పుడు ఆయన మొహం మారింది. తన పేరు పోతుందంటే మారని మొహం దానికి మారింది. ఆఫీసులో తనను ముందు కూర్చోబెట్టమని, ముసలాణ్ణి, ఎక్కువసేపు నిలబడలేనని మాత్రం అన్నాడు. రేపటినుంచి తన తలుపు తీయడానికి రావద్దని కూడా చెప్పాడు. షెడ్డులోనే ఉంటాడట.

రోజు 60
పలక అడిగింది: గొడుగు.

ఊరి పలక ఆఫీసు మధ్యలో బల్ల మీద ఉంటుంది. తవిటయ్య గారు, ఇద్దరు సాక్షులు, సూరీడమ్మ, మేమిద్దరం. ఈ వారం రోజులూ పాత గీత తప్ప ఇంకోటి గీయలేదు నేను. పొద్దున్న ఉత్త కాగితం మీద నాలుగుసార్లు చూసుకుంటే ముక్కలు ముక్కలుగా బాగానే వచ్చింది. చచ్చేంత దిగులుగా ఉంది.

మావయ్య ముందు కూర్చున్నాడు. కలం పిడికిట్లో పట్టుకున్నాడు, పిల్లలు పట్టుకున్నట్టు. కాస్త గీశాడు, ఎత్తాడు. ముందుకు జరిపాడు, ఆగాడు, వణికాడు. మళ్ళీ ఎత్తాడు. గొడుగు కర్ర ఒక్కటే ఆరు ముక్కలు. ఆ గీత నాకు తెలుసు. దాన్ని నాకన్నా ఎక్కువగా ఎరిగినవాళ్ళెవరూ లేరని ఆ క్షణం దాకా అనుకున్నాను.

"బొడ్డు పైడిరత్నం" అంది పలక. "ఎనభై ఒకటి."

తవిటయ్య గారు పలకను తుడిచి మళ్ళీ గీయమన్నారు. ఈసారి కోడి అడిగింది. బొడ్డు పైడిరత్నం, ఎనభై మూడు. ముప్ఫై ఆరు రోజులు ఆ అట్టలో బొమ్మలు దిద్దాడన్నమాట. నన్ను అన్నాళ్ళు ఏడిపించిన వణుకు ఆయన చేతికి ఊరికే వచ్చింది.

మావయ్య లేచి కుర్చీ నాకు జరిపాడు. "ఇంక నీకు నచ్చినట్టు గియ్యమ్మా" అన్నాడు.

నాకు కళ్ళు కనబడలేదు. తుడుచుకుని కూర్చున్నాను. పలక మళ్ళీ గొడుగే అడిగింది. బరువుగా మొదలెట్టాను. చెయ్యి ఎత్తలేదు. వారం రోజులు కట్టేసిన గీత మొదటి ఊచ దగ్గర కాస్త తడబడింది, రెండో ఊచకు దారిలో పడింది. గొడుగు విచ్చుకుంది.

"గేదెల అసిరయ్య. తొంభై నాలుగు."

తవిటయ్య గారు రూలు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పారు. ప్రతి పేరుకీ ఒక చెయ్యి ఉండాలని ఉంది. రెండు ఒళ్ళకు ఒకే చెయ్యి ఉండకూడదని ఉంది. ఏ చెయ్యి ఏ ఒంటికి ఉండాలన్నది ఎక్కడా లేదు. పలక చెప్పాక మనిషి మాట చెల్లదని మాత్రం మూడుచోట్ల ఉంది. సాక్షులు ఆకలేస్తోందన్నారు. ఆయన ముద్ర వేశారు.

రోజు 77
పలక అడిగింది: గుమ్మడికాయ. పోలిక: 93.

పుస్తకం రాయక్కర్లేదు ఇక, అలవాటై రాస్తున్నాను. పంపు షెడ్డు పని నాకు పడింది, వలలు ఆయనకు పడ్డాయి. అల్లిక ఆయనకు చేతకాదు, సూరీడమ్మ వెళ్ళి కుట్టొస్తోంది. ఆయన ఇంట్లో నేను, నా ఇంట్లో ఆయన. తొట్టి దగ్గర నన్ను గారూ అంటారు. ఆయన్ను మాత్రం పలక అమ్మా అంటుంది, పలికినప్పుడల్లా జేబులోంచి రుమాలు తీసి మొహం దాచుకుంటాడు.

ఆయన గీత ఇక బాగుపడకూడదు, పడితే తలుపు మూసుకుంటుంది. ఆ ముక్కల గీతతోనే బుచ్చమ్మ కొత్త కథ గీశాడు. ప్రతి గీతా అదురుతోంది. ఇన్నాళ్ళూ బొమ్మలో తిట్టే బుచ్చమ్మ ఇప్పుడు నిజంగా తిడుతోందని సూరీడమ్మ అంది. ఎంత చూసినా దిద్దాల్సిన గీత నాకు కనబడలేదు. ఆ పన్నెండేళ్ళ పిల్ల గీతలో ఇదంతా ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. కాస్త అసూయ కలిగింది.

రోజు 239
పలక అడగలేదు. సెలవు ఇచ్చారు.

మంగళవారం మధ్యాహ్నం మావయ్య పోయాడు. జ్వరం నాలుగు రోజులే. సూరీడమ్మా నేనూ పక్కనే ఉన్నాం. చివరిరోజు మాట పోయింది, వేళ్ళ వణుకు కూడా ఆగిపోయింది. ఆ చేతిని పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఇవాళ ఆఫీసుకు వెళ్ళాను. తవిటయ్య గారు పెద్ద పుస్తకం తెరిచి, బొడ్డు పైడిరత్నం, ఇరవై ఏడేళ్ళు అని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టారు. నా పేరు కొట్టేస్తుంటే ఎదురుగా నిలబడి చూశాను. కొట్టిన పేరు కింద తెలిసినవాళ్ళొకరు రెండు మాటలు రాసివ్వాలి. చనిపోయినవారు మీకేమవుతారు అన్నది గడి. చుట్టరికం రాస్తే చాలన్నారు.

నేనిలా రాశాను: "గేదెల అసిరయ్య అనే నేను రాసి ఇచ్చేదేమంటే, పైడిరత్నం నాకు గీయడం నేర్పింది. నా గీత బతకాలని తన పేరు వదులుకుంది. నాకు అంతకన్నా సొంత మనిషి లేదు."

తవిటయ్య గారు రెండుసార్లు చదివారు. పుస్తకంలో అబద్ధం రాయకూడదని నెమ్మదిగా గుర్తుచేసి, ఇదంతా నిజమేనా అని అడిగారు.

పేర్లు తప్ప అంతా నిజమేనని చెప్పాను. ఆయన ముద్ర వేశారు.